బావ భుజానికి నప్పే సంచి

మా పెద్దబిడ్డ పుట్టిన ఏడాదే నేను పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టాను. డెబ్భైల మొదట్లో సంగతి ఇది. పెళ్ళితో ఆగిపోయిన చదువు. మంథని పక్క పల్లె నుంచి గోదావరిఖనికి కాపురానికి వచ్చాక, బొగ్గుబాయిలో పనిచేసే మా బావే మళ్ళీ చదవమన్నాడు. బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపే మిగిలింది.

పరీక్ష మంచిర్యాలలో పడింది. బిడ్డకు ఇంకా నా పాలే ఆధారం. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, రైలెక్కలేదు. అంటే నేను లోపల పరీక్ష రాస్తున్నంతసేపూ బయట బిడ్డను చూసుకోవలసింది బావే.

హాల్ టికెట్ తెచ్చుకోవడానికి ముందుగా ఒకసారి ముగ్గురం వెళ్ళాం. అప్పట్లో మా కాలనీలో ఎవరింట్లో చూసినా ప్లాస్టిక్ వైరు బుట్ట కనబడేది. నేనూ ఎరుపు, తెలుపు వైర్లతో ఒకటి అల్లుకున్నాను. పొత్తిగుడ్డలు, ఉగ్గుగిన్నె, పౌడరు డబ్బా అన్నీ దాంట్లోనే సర్దాను. రైలు కదిలిందో లేదో పిల్ల తడిపింది. ఆ గుడ్డను కొళాయి కింద జాడించి, పిండీ పిండక బుట్టలో పడేసి, బుట్టను పై బల్ల మీద పెట్టాను. గోదావరి వంతెన రాకముందే కింద కూర్చున్న పెద్దాయన తలపాగా తడుముకున్నాడు.

"ఏంది బిడ్డా, రైలు లోపల్నే వాన పడుతుందా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు కాబట్టి బతికిపోయాను. కానీ బుట్ట దించి చూస్తే పొడిగుడ్డలు కూడా తడిసి ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో నా చీరకొంగే పిల్లకు గుడ్డ అయింది.

ఇంటికి రాగానే బావ అన్నాడు. "ఆ బుట్ట నేను పట్టుకోను."

"ఎందుకు? ఆడోళ్ళదనా?"

"గట్ల గాదు. ఒక చేతుల పిల్ల, ఒక చేతుల బుట్ట. టికెట్ ఎట్ల తియ్యాలె? పిల్ల మెడ ఎట్ల పట్టాలె?" నేల చూస్తూ, "ఆడోళ్ళదని గూడ అనుకో" అన్నాడు.

ముందు కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, దాచకుండా చెప్పాడు కదా అనిపించింది. సిగ్గుపడుతూ అయినా పిల్లను ఎత్తుకుంటానన్న మనిషికి, ఆ సిగ్గు కాస్త తగ్గే సంచి వెతకడంలో తప్పేముంది? పైగా చేతుల సంగతి నిజం. మా క్వార్టర్ల దగ్గర ఇంకో తిప్పలుండేది. దండెం మీద ఆరేసిన బట్టల మీద బొగ్గునుసి పడేది. ఎంత తెల్లగా ఉతికినా సాయంత్రానికి బూడిదరంగే. పసిపిల్ల గుడ్డలను మూత లేనిదాంట్లో మోసుకెళ్ళే వీలు లేదు.

ఆదివారం గోదావరిఖని అంగడికి వెళ్ళాం. జిప్పు ఉన్న మెరూన్ రంగు రెక్సిన్ సంచి మీద నా కన్ను పడింది. ఎండలో వేలాడుతోంది. లోపల చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టుంది. తడిగుడ్డ ఇందులో పెడితే సాయంత్రానికి వాసన భరించలేమని వదిలేశాను.

"ఏం వెడ్తరు అక్కా?" అని అడిగాడు దుకాణపాయన.

"పసిపిల్ల బట్టలు."

"గట్లయితే గుడ్డ సంచి తీస్కో. గీ పువ్వులది సూడు, మంచిగుంటది."

"మోసేది నేనన్నా" అన్నాడు బావ.

ఆయన బావను ఒకసారి చూశాడు. సంచుల గుట్ట వెనక నుంచి ఒక ఖాకీ కేన్వాసు సంచి లాగాడు. పాత మిలిట్రీ సామానుతో వచ్చిందట. వెడల్పాటి పట్టీ, లోపల రెండు అరలు, పైన పెద్ద మూత. బావ భుజానికి వేసుకొని అటూ ఇటూ నడిచాడు. ముఖం విప్పారింది. కానీ మూతకు ఇనుప బకిల్సు ఉన్నాయి. పిల్లను చంకలో వేసుకొని ఒంటిచేత్తో విప్పబోతే నాకు రాలేదు, బావకూ రాలేదు. పెట్టేసి పోదామనుకున్నాం. బకిల్సు పీకేసి గుండీలు కుట్టుకోవచ్చని నాకు తట్టింది.

ఇంటికొచ్చి అదే పని చేశాను. పురిటి రోజుల్లో పిల్ల కింద పరిచిన రబ్బరు షీటును కత్తిరించి వెనక అరకు లోపల కుట్టాను, తడివి అందులో వేయడానికి. అత్తమ్మ గడపలో కూర్చొని చూస్తూ ఉంది.

"మొగోడు పిల్లను సంకల ఏసుకొని, సంచి తగిలిచ్చుకొని ఊర్లు తిరుగుతడా? నలుగురు నవ్వుతరు" అంది.

మర్నాడు పొద్దున్నే పెట్టె తెరిచి తన చీరొకటి తీసి చింపడం మొదలుపెట్టింది.

"అది మంచిగనే ఉన్నది కదా అత్తమ్మా!"

"పరీక్షకు పోతుంది గద. మెత్తగుండాలె" అంది. పరీక్షకు పోయేది నేనో, మనవరాలో ఆమె మాటల్లో తేలలేదు.

మొదటి రోజు బడి గేటు దగ్గర బిడ్డకు పాలిచ్చి బావకు అప్పగించాను. తెలుగు పేపరు బాగానే సాగింది. లెక్కల రోజే కష్టమైంది. సగంలో ఉండగా బయట నుంచి ఏడుపు వినబడింది. వందమంది పిల్లలు ఏడుస్తున్నా ఆ గొంతు నాకు తెలుస్తుంది. రవిక తడిసింది. కాగితం మీద అంకెలు కదలడం మానేశాయి. లేచి వెళ్ళిపోదామని కలం మూత కూడా పెట్టాను. ఇంతలో ఏడుపు ఆగింది. ఎలా ఆగిందో తెలియక ఇంకాస్త భయమేసింది. అలాగే కూర్చొని వచ్చినంత రాశాను.

గంట కొట్టగానే పరుగెత్తాను. గేటు పక్క గోడ నీడన బావ చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. పిల్ల తొడ మీద నిద్రపోతోంది. బడి కంచె మీద పొత్తిగుడ్డలు వరసగా ఆరేసి ఉన్నాయి. చేతిపంపు దగ్గర తనే ఉతికాడట. తన చెల్లెలిని పరీక్షకు తీసుకొచ్చిన, బావ బాయిలోనే పనిచేసే ఒకాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"సంచి జూసి ఏదో సర్వే డ్యూటీల వచ్చిండనుకున్న చెల్లే. అండ్ల ఏమున్నయే అంటే, బిడ్డ బట్టలన్నడు" అన్నాడు నాతో.

ఎవరు అడిగినా ఏదో చెప్పి తప్పించుకుంటాడేమో అనుకున్నాను నేను. అలా చెయ్యలేదు.

"ఎందుకేడ్సింది?" అని అడిగాను.

"ఆకలికి. ఉగ్గుగిన్నెతోని నీళ్ళు తాపిన. ఊకోలె. ఎత్తుకొని బాయి ముచ్చట్లు చెప్పిన. ఇన్నది." తర్వాత కంచె వైపు చూపించాడు. "ఈడ బట్టలు తెల్లగ ఆరుతున్నయి, సూసినవా?"

చూశాను. అంత తెల్లటి గుడ్డలు మా దండెం మీద ఎన్నడూ చూడలేదు.

ఆ ఎండాకాలం ఫలితాలొచ్చాయి. అన్నీ గట్టెక్కాయి, లెక్కలు తప్ప. పొయ్యి ముందు కూర్చొని చాలాసేపు ఏడ్చాను. అత్తమ్మ పిల్లను తీసుకొని బయటికి వెళ్ళింది. డ్యూటీ నుంచి వచ్చిన బావ విషయం విని, కాళ్ళు కడుక్కొని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మల్ల పోదాం" అన్నాడు. "ఈసారికి పిల్ల నడుస్తది."

నడిచింది కూడా. బడి వాకిట్లో దాని వెంట ఉరకలేక ఆయన చెమటలు కక్కిన రోజు, నేను లెక్కల పేపరు చివరిదాకా రాశాను.