పథ్యం విడిచిన రోజు

ఆ రోజు శేఖర్ చాయ్ వాసనకే కడుపులో తిప్పుతోందని కప్పు పక్కన పెట్టేశాడు. శేఖర్ నా భర్త. ఆబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణంలో పని చేస్తాడు. చాయ్ పడందే ఆయనకు తెల్లారదు. అనుమానమొచ్చి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి. రోజంతా ఊరందరి కళ్లూ చూసే మనిషికి తన కళ్లు చూసుకునే తీరిక లేకపోయింది. అప్పటికి మా పెళ్లయి ఏడాది కాలేదు.

"కామెర్లే బిడ్డా, దవాఖాన ఎందుకు? గౌలిగూడల పసరు పోస్తరు" అంది మా అత్తమ్మ. పసరు తాగించింది. ఉప్పుకారాలు లేని పథ్యం పెట్టింది. నా పరుపు తన గదిలో వేయించింది. ఆలుమగలు కలిస్తే ఒంట్లో సత్తువ పోయి రోగం తిరగబెడుతుందని ఆవిడ నమ్మకం. కొన్ని వారాలకు కళ్లు తెల్లబడ్డాయి. తలస్నానం చేయించి, నెయ్యి వేసి పప్పన్నం పెట్టి పథ్యం విడిపించింది. ఆ సాయంత్రమే నా పరుపు మా గదికి తిరిగొచ్చింది. రోగం పోయిందనుకున్నాం. ఏ టెస్టూ చేయించలేదు.

కొన్ని నెలలకు నేను మంచాన పడ్డాను. కీళ్ల నొప్పులు, వాంతులు, తర్వాత అవే పచ్చని కళ్లు. ఈసారి శేఖర్ ఎవరి మాటా వినకుండా నన్ను నాంపల్లిలో ఒక ఆస్పత్రిలో చేర్చాడు.

"హెపటైటిస్ బి పాజిటివ్. మీ ఆయనకు టెస్ట్ చేయించారా?" అని అడిగింది డాక్టరమ్మ. చేయిస్తే ఆయనదీ పాజిటివే.

"నేను అప్పుడే చెప్పలే? మళ్ల కలిసిన్రు, సత్తువ పోయింది" అంది అత్తమ్మ. పరుపు తెచ్చి వేసింది తనేనన్న సంగతి ఆవిడకు గుర్తు లేదు. నాకు ఒళ్లు మండింది.

"అట్లా కాదమ్మా," అంది డాక్టరమ్మ. "కలిసినందుకు ఇమ్యూనిటీ పడిపోదు. కలిస్తే పెరుగుతుందనే మాటకూ గట్టి రుజువు లేదు. ఈ వైరస్ రక్తంలో, వీర్యంలో ఉంటుంది. ఆ దారిన ఇంకొకరికి వెళ్తుంది. కళ్లు తెల్లబడితే వైరస్ పోయినట్టు కాదు."

మరి ఆయనకెక్కడిది? పెళ్లికి ముందు ఎవరైనా ఉన్నారా అని అడిగేశాను. "నువ్వు తప్ప ఎవ్వరు లేరు" అన్నాడు గోడ వైపు తిరిగి. నమ్మాలని ఎంతో ఉంది, నమ్మలేకపోయాను. వాంతుల కంటే అదే నన్ను ఎక్కువ తినేసింది. మా కాపురం అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

పుట్టేటప్పుడు తల్లి నుంచి కూడా రావచ్చు, ఆవిడకూ టెస్ట్ చేద్దామంది డాక్టరమ్మ. "నాకేం రోగం?" అంటూనే అత్తమ్మ చెయ్యి చాపింది.

పాజిటివ్.

వార్డు బయట బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. "నేనే ఇచ్చిన్నా నా కొడుక్కు?"

"నీకు తెలుసా అత్తమ్మా? తెలిస్తే ఇచ్చేదానివా?" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. అనుమానించినందుకు శేఖర్ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

ఆరు నెలల తర్వాత నా టెస్ట్ నెగటివ్ వచ్చింది, వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు వచ్చాయి. "మీ ఒళ్లే గెలిచింది. ఇంక ఆయన నుంచి మీకు భయం లేదు" అంది డాక్టరమ్మ. శేఖర్‌ది మాత్రం క్రానిక్, అంటే ఒంట్లోనే ఉండిపోయే రకం. రోజూ మాత్ర వేసుకుంటాడు. అత్తమ్మకు చెకప్‌లు సరిపోతున్నాయి.

అయినా శేఖర్ నా దగ్గరికి రావడానికి భయపడేవాడు. వేరే గదిలోనే పడుకునేవాడు. ఒక సాయంత్రం అత్తమ్మే ఆయన పరుపు చుట్టి మా గదిలో వేసింది. "డాక్టరమ్మ చెప్పినంక ఇంకేం ఫికర్ రా?" అంది.

ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉందని తేలితే ఇంటిల్లిపాదీ టెస్ట్ చేయించుకోండి. భార్యకో భర్తకో నెగటివ్ వచ్చి, రక్షణ లేదని తేలితే వ్యాక్సిన్ వేయించుకోవాలి. డోసులు పూర్తయ్యి డాక్టరు సరేననేదాకా కండోమ్ వాడాలి. మా గల్లీలో ఎవరి కళ్లు పచ్చబడినా ఇప్పుడు అత్తమ్మే ముందు వెళ్తుంది. "పథ్యం సంగతి తర్వాత. ఫస్టు ఆలుమగలిద్దరు నెత్తురు చూపిచ్చుకోన్రి. నీ తల్లిని గూడ తోలుకపో" అంటుంది.