ఆ గురువారం ఉదయం రాసిన పేజీ

మా మేడమ్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయిందమ్మా. దవాఖానలనే. నిద్రల పోయింది, బాధ పడలే," అంది. ఫోన్ పెట్టేసి వంటింట్లోంచి ముందు గదిలోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో గుర్తు రాలేదు. గుమ్మం దాటగానే మెదడు పేజీ తిప్పేస్తుందని మాకు చెప్పింది కూడా ఆమే.

మేడమ్ అబిడ్స్‌లో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పేవారు. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం వాళ్ళది. పెళ్ళి చేసుకోలేదు. నాంపల్లిలో చెల్లెలితో కలిసి కిరాయి ఇంట్లో ఉండేవారు. పాఠం పుస్తకాల తెలుగులో మొదలుపెట్టి, ఐదు నిమిషాలు తిరక్కుండానే తన ఊరి తెలుగులోకి దిగిపోయేవారు. చేతిలో సుద్దముక్క పట్టుకుని సుద్దముక్క కోసం బల్లంతా వెతికేవారు. మేం నవ్వితే, "పాఠమే చెప్తున్న, రాసుకోండి," అనేవారు.

రెండో ఏడాది మొదటి క్లాసులో మా చేత కాలేజీ గేటు బొమ్మ వేయించారు. ఏడాదిగా రోజూ ఆ గేటులోంచే లోపలికి వస్తున్నాం. ఒక్కరి బొమ్మా సరిగ్గా లేదు. ఒకమ్మాయి గేటు మీద లేని దీపాలు పెట్టింది. గేటు రంగు నలుపని నేను ఒట్టు పెట్టినంత గట్టిగా వాదించాను. అందరం కిందికి దిగి చూస్తే ఆకుపచ్చ.

"చూసుడు వేరు, గమనించుడు వేరు," అన్నారు మేడమ్. "మెదడు ఫోటో తియ్యదు బిడ్డా, కథ చెప్తది. తెల్వని కాడ తనే అల్లుకుంటది. అబద్ధమాడాలని కాదు. సందు ఉంచుడు దానికి చాతగాదు."

ఆమె మాకు అలవాటు చేసిన పని ఒకటుంది. ప్రతి గురువారం మొదటి పది నిమిషాలు, నిద్ర లేచినప్పటి నుంచి కాలేజీకి వచ్చేదాకా జరిగింది నోటుబుక్కులో రాయాలి. గొప్ప సంగతులు అక్కర్లేదు. ఏం తిన్నాం, ఎవరేమన్నారు, అంతే. రాశాక పుస్తకాలు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. కొన్ని నెలల తర్వాత అదే రోజు గురించి మళ్ళీ రాయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తారట. మేం దాన్నొక ఆటలా తీసుకున్నాం.

అలాంటి ఒక గురువారం మధ్యాహ్నం మా నాన్న చనిపోయాడు. అబిడ్స్‌లోనే కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆయనది. పని చేస్తూ చేస్తూ బల్ల మీదికి ఒరిగిపోయాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. గుండె.

నెల తిరిగేసరికి ఆ ఉదయం నాకు గుర్తుకు రావడం మొదలైంది. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "ఇయ్యాల పోకు బిడ్డా, జర నా దగ్గర ఉండు," అన్నాడు. "క్లాసుంది నాన్నా," అని నేను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాను. ఆయన చొక్కా గీతలు కనబడేవి. గొంతులో జీర వినబడేది. అన్నం ముద్ద నోటి దగ్గరికి తేగానే ఆ గుమ్మం అడ్డొచ్చేది.

ఒకరోజు ఉండబట్టలేక అమ్మకు చెప్పేశాను. "నేను వంటింట్ల ఉన్న, నాకు వినబడలే. నాకన్న చెప్పకపోతివి," అంది. ఆ తర్వాత "తిను", "తలుపెయ్యి" అన్న మాటలు తప్ప నాతో ఇంకేమీ మాట్లాడలేదు. నాంపల్లి స్టేషను వెనక సందులో మావి రెండు గదులు. ఆ రెండు గదుల్లో ఇద్దరం ఒకరినొకరం తప్పించుకుని తిరిగేవాళ్ళం. నేను కాలేజీ మానేశాను.

మానేసిన మూడో వారం, ఒక సాయంత్రం మేడమ్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. అమ్మ కుర్చీ వేస్తే కూర్చోకుండా నా పక్కన చాప మీద కూర్చున్నారు. ఎందుకు రావడం లేదని అడిగారు. చెప్పాను. మధ్యలో ఆపలేదు, ఓదార్చలేదు. అంతా విని ఒక కాగితం ఇచ్చి, "ఇప్పుడు నాకు చెప్పింది చెప్పినట్టు రాయి," అన్నారు. రాశాను. అప్పుడు సంచీలోంచి నా నోటుబుక్కు తీశారు.

"ఇది ఆ గురువారం పొద్దున నువ్వు రాసింది. నేను చదివిన. తేవాల్నా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించిన. నీకు చదవబుద్ధయితేనే చదువు."

పైకే చదివాను. నా దస్తూరీయే.

"నాన్న ఎడమ భుజం నొప్పి అన్నాడు. నిన్న పెట్టెలు దింపిన కదా అన్నాడు. అమ్మ బామ్ రాసింది. ఉప్మాలో ఉప్పు ఎక్కువైంది. అయినా నాన్న రెండోసారి పెట్టించుకున్నాడు. నేను బయల్దేరేసరికి స్నానం చేస్తున్నాడు. లోపలి నుంచే, జల్ది పో, గేటు మూస్తరు అని అరిచాడు."

గుమ్మం లేదు. ఛాతీ మీద చెయ్యి లేదు. పోకు అన్న మాట లేదు.

వంటింటి తలుపు దగ్గర అమ్మ కూలబడింది. "బామ్ నేనే రాసిన," అంది. "భుజం నొప్పి అంటే దవాఖానకు పోదామా అనలే. బామ్ రాసిన. గిన్ని రోజులు ఎవ్వరికి చెప్పలే." నాతో మాట్లాడకపోవడం నా మీద కోపంతో కాదని నాకు అప్పుడే తెలిసింది.

మేడమ్ మా ఇద్దరినీ చూసి మెల్లగా చెప్పారు. "నొప్పి నిజం. దాన్ని లేదని చెప్పను. కానీ చివర తెలిసినంక మొదలు మారిపోతది. ఇప్పుడు ఆ నొప్పి మీకు గంట కొట్టినట్టు వినబడ్తది. ఆ పొద్దున అది ఉప్మాల ఉప్పు పక్కన ఉన్న ఇంకో చిన్న సంగతి. అప్పటి మనిషికి ఇప్పటి తెలివి అంటగట్టి శిక్ష వెయ్యొద్దు."

"మరి నాకు అంత స్పష్టంగా ఎట్ల కనబడ్డది మేడమ్?"

"దుఃఖానికి కారణం కావాలె బిడ్డా. దొరకకపోతే తయారుచేసుకుంటది."

ఆమె వెళ్ళాక అమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. "మళ్ళ చదువు," అంది. చదివాను. మళ్ళీ చదవమంది. మూడోసారి ఉప్మా దగ్గర ఆపింది. "రెండోసారి పెట్టించుకున్నడా? నాకు యాదికే లేదు," అని, చాలా రోజుల తర్వాత గొంతెత్తి ఏడ్చింది. ఆ సోమవారం నేను కాలేజీకి వెళ్ళాను.

డిగ్రీ అయింది, నాంపల్లిలోనే బడిలో పని దొరికింది, పదిహేనేళ్ళు గడిచాయి. మేడమ్‌ను చూడడానికి వెళ్తూనే ఉన్నాను. దవాఖానలో చేరాక ఒకరోజు నేనడగకుండానే చెప్పారు. చిన్నప్పుడు ఆమె తమ్ముడు వాగులో పడి చనిపోయాడట. ఆ రోజు వాడు వెంట వస్తానంటే తను వద్దని తరిమారట. "నిజంగ తరిమిన్నో లేదో నాకు తెల్వదు. రాసిపెట్టినోళ్ళు లేరు. ఇన్నేండ్లు ఇదే పాఠం చెప్పిన. నా మనసు నా క్లాసుకు ఎన్నడూ రాలే," అని నవ్వారు. ఆ నవ్వు చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

చివరిసారి కలిసినప్పుడు ఆదివారం రమ్మన్నారు. బడిలో పనుండి వెళ్ళలేదు. మంగళవారం ఆమె లేరు. "వీలైతే రా" అన్నారా, "తప్పకుండా రా" అన్నారా? ఫోన్ వచ్చిన పూట "వీలైతే" అనే గుర్తుంది. ఇవాళ్టికే ఆ మాట మీద నమ్మకం పలచబడింది. ఈ నాలుగు ముక్కలూ ఇప్పుడే రాయడానికి అదొక కారణం.

బుధవారం సమాధి. మా ఇళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. నాన్నను తీసుకెళ్ళిన రోజు అమ్మను సందు మొగదల ఆపేశారు. ఈసారి నేను చెప్పులు వేసుకుంటుంటే, "నేను గూడ వస్త," అని అమ్మ బయటికొచ్చింది.

సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే గుప్పెడు మట్టి వేశారు. అమ్మ కూడా వంగి మట్టి తీసుకుంది. "ఏమన్న అనాల్నా?" అని నా చెవిలో అడిగింది.

"ఏం అనక్కర్లేదమ్మా."

అందరూ వేసి పక్కకు తప్పుకున్నారు. మేడమ్ చెల్లెలిని ఎవరో నడిపించుకుని వెళ్ళారు. పార పట్టుకున్న మనిషి మా వైపు చూసి, ఏమనుకున్నాడో, పార నేలకు ఆనించి నిలబడ్డాడు. అమ్మ పెదవులు కదులుతున్నాయి. వేళ్ళ సందుల్లోంచి మట్టి కొద్దికొద్దిగా జారుతోంది. పిడికిలి మాత్రం ఇంకా విప్పలేదు.