చిట్టి కోసం వెళ్లిన పెళ్లిచూపులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, శంషాబాద్‌లో ఒక ప్లేస్కూల్ టీచర్లకు పిల్లల ఇంటివాళ్లతో కలిసిమెలిసి ఎలా ఉండాలో నేర్పే కొత్త ఉద్యోగం. (మా ఇంటివాళ్లతోనే నాకు సరిగ్గా పడేది కాదు, ఆ సంగతి టీచర్లకు చెప్పలేదు.) "వెళ్లగానే ఫిర్యాదులు ఎత్తుకోవద్దు. వట్టి చేతులతో వెళ్లొద్దు. ముందు ఇంటి సంగతులు మాట్లాడండి. వాళ్లు మన గురించి అడిగితే ఏదీ దాచకండి" అని బోర్డు మీద రాసి మరీ చెప్పాను. అంతా విని పెద్ద టీచరమ్మ అంది: "గదంతా సరే గని సార్, కొత్వాల్‌గూడ చిట్టి బడి మానేసింది. వాళ్ల నాయనమ్మ పంపనంటున్నది. ఆమెను ఒప్పిస్తే మీ పాఠం నమ్ముతం." నాలుగేళ్ల చిట్టి మీద నా పరువంతా ఆధారపడింది. "రేపే వెళ్దాం" అన్నాను.

మరునాడు పెద్ద టీచరమ్మ, ఇంకో టీచరమ్మ పట్టుచీరల్లో, పళ్ల బుట్టతో, మిఠాయి డబ్బాతో వచ్చారు. (గౌరవంగా తయారవమన్నది నేనే.) ఆటో దిగిన మమ్మల్ని చూసి నాయనమ్మ ఒక్క క్షణం ఆగి, చకచకా చాప పరిచి, లోపలికి వెళ్లి ఎవరికో ఏదో చెప్పి వచ్చింది. నా పాఠం ఎలా పనిచేస్తోందో చూడమన్నట్టు పెద్ద టీచరమ్మ వైపు చూశాను. "ఏం కొలువు బిడ్డా? సొంతిల్లా, కిరాయా? ప్లాట్లు గిట్ల ఏమన్న ఉన్నయా?" అని నాయనమ్మ అడిగినవాటన్నిటికీ దాచకుండా చెప్పాను: ఇల్లు కిరాయిదే, ప్లాట్లు లేవు, ఇద్దరక్కల పెళ్లిళ్లయిపోయాయి. ఇంతలో చిట్టి మేనత్త కొత్త చీరలో తలవంచుకుని చాయ్ తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. అప్పటికీ నాకు వెలగలేదు. ఇంటిల్లిపాదీ మా మాట వినడానికే కూర్చున్నారని మురిసిపోయి, "మరి చిట్టిని బడికి ఎప్పుడు పంపిస్తారమ్మా?" అన్నాను.

"చిట్టినా? గీ పండ్లు, గీ పట్టుచీరలు చిట్టి కోసమా?" అంది నాయనమ్మ. మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. ఆ నవ్వు వీధిలోకి కూడా వినిపించి ఉంటుంది. నేను చాయ్ గ్లాసులోంచి తల ఎత్తలేదు. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. "ఇన్నొద్దులు మీ బడి నుంచి ఫోనొస్తే కొరికింది, గిచ్చింది అనుడే. నా మనుమరాలి కోసం ఇంటికొచ్చి గిట్ల కూసున్నోళ్లు లేరు" అంటూ తలుపు చాటున ఉన్న చిట్టిని ఒళ్లోకి లాక్కుంది. "సోమవారం పంపుత తియ్యి. ప్లాటు లేనోనికి మా పిల్లను ఎట్లిస్తమని ఇంతసేపు పరేషానైతున్న" అంది.

చిట్టి సోమవారం వచ్చింది. (మంగళవారం ఒకణ్ణి కొరికింది కూడా. ఈసారి టీచరమ్మ ఫోన్ చేయలేదు, ఇంటికే వెళ్లి చాయ్ తాగి మాట్లాడి వచ్చింది.)

కొన్నేళ్లకు నా అసలు పెళ్లిచూపులు మహేశ్వరంలో జరిగాయి. చాప మీద కూర్చుని చాయ్ అందుకునేసరికి బడిపిల్లల ఇళ్లలో అడిగే పాత అలవాటు తన్నుకొచ్చి, అమ్మాయి తల్లిని "ఇంట్లో ఎలా ఉంటుందండీ? దేనికి భయపడుతుంది? ఏం పెడితే ఇష్టంగా తింటుంది?" అని ధీమాగా అడిగేశాను. ఇప్పుడంత ధీమా లేదు. అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త బెంగా వేస్తుంది. శిక్షణకు బయలుదేరుతూ చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది: "ఇంతకూ ఆ పొద్దు నన్ను చూడనీకి వచ్చినవా, బడిల చేర్చుకోనీకి వచ్చినవా?"