రెండు నాలుగు చెయ్యి

అక్బరీ బేగానికి కోపం వస్తే అరవదు. అరిచేవాళ్ల కోపం సాయంత్రానికి చల్లారిపోతుంది. ఆమెది చల్లారే రకం కాదు, లోపల పెట్టుకుని పోషించే రకం. ఈ సంగతి బూర్గంపాడులో అందరికంటే ముందు సుశీలమ్మకు తెలిసి ఉండాల్సింది. పాతికేళ్లుగా ఆమె చేతులకు గాజులు వేస్తున్నది అక్బరీయే కదా.

గాజుల పని అక్బరీకి అత్తగారి నుంచి వచ్చింది. దారాలకు గుచ్చిన గాజుల పేర్లన్నీ కలిపి కట్టిన బరువైన మలారం భుజాన వేసుకుని, రైతుల వీధిలో ఎనిమిది ఇళ్లు తిరిగేది. పెళ్లయినా సీమంతమైనా పిలుపు ఆమెకే. బొటనవేలి మొదట్లో ఎముకను ఒక తీరుగా నొక్కి, అరచేతిని మడిచి, మనిషిని మాటల్లో పెట్టి గాజు ఎక్కించేస్తుంది. అబ్బా అనేలోపు గాజు మణికట్టు మీద ఉంటుంది. ఒక్కటి కూడా చిట్లదు.

చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ల జ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడుచేసిందని యాభై రెండో ఏట తెలిసింది. అప్పటికి నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే ఊపిరాడదు. హైదరాబాదు దవాఖానాలో రొమ్ము ఎముక కోసి, చెడిపోయిన కవాటం తీసేసి, లోహంతో చేసినది పెట్టారు. ఇంటికి వచ్చాక దగ్గొస్తే దిండును రొమ్ముకు గట్టిగా అదుముకోవాలి. మొదటి నెల చెంబెడు నీళ్లు ఎత్తడమే గొప్ప. ఆరు నెలల దాకా ఐదు కిలోలకు మించి మోయకూడదు. రక్తాన్ని పలచన చేసే మాత్ర మాత్రం బతికినన్నాళ్లూ వేసుకోవాలి.

"గాజు గీరుకుంటే రక్తం తొందరగా ఆగదు. ఆ పని మానేస్తే మంచిదమ్మా," అన్నాడు డాక్టరు.

"పని మానేదుంటే గుండె ఎందుకు బాగుచేయించుకున్న, డాక్టర్ సాబ్?" అంది అక్బరీ.

నాలుగో నెలలో వేళ్ల కొసలకు ప్లాస్టర్ చుట్టుకుని కోడలు గుల్నాజ్ చేతుల మీద సాధన మొదలుపెట్టింది. మొదట్లో చేతులు వణికాయి. నెల తిరిగేసరికి పాత పట్టు దొరికింది. దగ్గర కూర్చున్న కోడలికి అత్త గుండెలోంచి గోడ గడియారం చప్పుడులా టిక్కు టిక్కు వినిపించేది.

ఐదో నెల దాటగానే మలారం కోడలి భుజాన వేసి, మొదట సుశీలమ్మ ఇంటికే వెళ్లింది. వాళ్లది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. భర్త చెంచురామయ్యకు నలభై ఎకరాల మిరప చేను. ఆ వీధిలో సుశీలమ్మ మాటే మాట. ఆమె గేటు గడియ తీయకుండానే అంది:

"ఇంకా నీరసంగా ఉన్నావే అక్బరీ. మూడు నెలలు పోనీ, చూద్దాంలే."

నా మీద ఎంత దయ అనుకుంది పిచ్చిది. రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంట్లోనూ అంతే. ఏడో ఇంటి రాఘవమ్మకు కడుపులో మాట దాగదు. చెప్పేసింది.

"నీ గుండెల ఇనుప ముక్క పెట్టిన్రంట గద. గీరుకుంటే నెత్తురు ఆగదంట. శుభమాని గాజులేసుకుంటుంటే నెత్తురు చూస్తమా అని సుశీలమ్మనే అన్నది. మరి మేమేం జెయ్యాలె?"

అక్బరీ ఇంటికి వచ్చి ఏడ్చింది. ఏడిస్తే రొమ్ము మీది కోత లాగుతుంది, అయినా ఏడ్చింది. దవాఖానాలో ఎముక కోసినప్పుడు మత్తిచ్చారు. దీనికి మత్తు ఎవరిస్తారు? కళ్లు తుడుచుకున్నాక సుశీలమ్మను తలుచుకుని పళ్లు కొరికింది. వారం వారం అడవి పల్లెల సంతకు ఆటోలో వెళ్లి కూర్చుంటే అక్కడి ఆడవాళ్లు ఏమీ అడక్కుండా చేతులు చాపారు. తిండికి లోటు రాలేదు. కానీ తన ఎనిమిది ఇళ్ల ముందు నుంచి ఆటోలో తలవంచుకుని పోవడం ఆమె వల్ల కాలేదు. ఆ ఇళ్లు తనకు మళ్లీ కావాలి. సుశీలమ్మ చేతుల మీదుగానే కావాలి.

అవకాశం సుశీలమ్మ మనవరాలు రాజ్యశ్రీ పెళ్లి రూపంలో వచ్చింది. అక్బరీ వేస్తేనే గాజులు వేయించుకుంటానని ఆ పిల్ల మొండికేసింది. చేసేది లేక కబురు పెట్టారు. లోపలికి రానివ్వకుండా వరండాలో చాప వేశారు. పెళ్లికూతురి రెండు చేతులకూ నిండుగా ఎరుపు, ఆకుపచ్చ గాజులు ఎక్కించింది. ఒక్కటి చిట్లలేదు, ఒక్క చుక్క రక్తం రాలేదు.

అప్పుడు సుశీలమ్మ వియ్యపురాలి వైపు చూస్తూ ముందుకొచ్చి కూర్చుంది.

"పెళ్లినాడు ఎంతో ఇప్పుడూ అంతే వదినగారూ. మాది రెండు నాలుగు చెయ్యి," అంటూ చెయ్యి చాపి, గొంతు తగ్గించి అక్బరీతో అంది: "జాగ్రత్త, రక్తం గిక్తం అంటించేవు. పట్టుచీర."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రెండు నాలుగంటే సన్నని చేతికి వేసే గాజు. దాని తర్వాతిది రెండు ఆరు. సుశీలమ్మ చెయ్యి రెండు నాలుగు దాటి ఇరవై ఏళ్లయింది. ఇన్నేళ్లూ అక్బరీ గాజుల పేరుకు ఉన్న చీటీ తీసేసి, రెండు ఆరు వేస్తూ, "రెండు నాలుగే అమ్మా, మీ చేతులకేంది" అనేది. అది మోసం కాదు, మర్యాద. ఆ రహస్యం సుశీలమ్మకు కూడా తెలియదు.

అక్బరీ చెయ్యి అలవాటుగా రెండు ఆరు పేరు మీదికే పోయింది. పట్టుచీర మాట వినగానే ఆ చెయ్యి పక్కకు జరిగింది. "అవ్ అమ్మా, మీది రెండు నాలుగే" అని అసలైన రెండు నాలుగు విప్పింది. చేతికి ఎనిమిది చొప్పున ఎక్కించింది. ఆ పట్టు ఆ జిల్లాలో ఇంకొకరికి లేదు. సుశీలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. వియ్యపురాలు చూస్తుంటే బిగుతుగా ఉన్నాయని ఎలా అంటుంది? నవ్వింది. అక్బరీ కూడా నవ్వింది.

నాలుగు రోజులకు మణికట్లు ఎర్రబడ్డాయి. సబ్బు రాసింది, నూనె రాసింది, చేతికి కవరు తొడిగి లాగింది. భద్రాచలం గాజుల కొట్టు నుంచి వచ్చినామె చూసి, పగలగొడితే తప్ప రావని చెప్పి వెళ్లింది. పెళ్లయి పదహారు రోజుల పండుగ కాలేదు. చెంచురామయ్య గుండ్రాయిలా ఉన్నాడు. గాజులు పగలగొట్టుకోవడం ఎలా?

తొమ్మిదో రోజు పొద్దున సుశీలమ్మ కొంగుతో చేతులు కప్పుకుని అక్బరీ ఇంటి చాప మీద కూర్చుంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

"ఏమిటే ఆ చప్పుడు?" అంది.

"నా గుండె అమ్మా. ఇనుప ముక్క అన్నరు గద, అదే."

సుశీలమ్మ కొంగు తొలగించి చేతులు చాపింది. "నొప్పి భరించలేకపోతున్నానే. తియ్యి," అంది.

"తీస్త. చిట్లకుండ తీస్త. కానీ ఈడ కాదు. మీరు ఏడు ఇండ్లకు పోయి చెప్పిన్రు. అదే ఏడు ఇండ్లకు నాతోటి రావాలె. ఇంటికో జత తీస్త."

గుల్నాజ్ మలారం ఎత్తుకోబోయింది.

"నువ్వు దించు బేటీ. నేను బరువు మొయ్యొద్దన్నడు డాక్టర్. సుశీలమ్మ మోస్తది."

నలభై ఎకరాల ఆసామి భార్య గాజుల మలారం భుజాన వేసుకుని అత్తాకోడళ్ల వెంట రైతుల వీధిలో నడిచింది. చూసినవాళ్లు చూసినచోటే నిలబడిపోయారు. ప్రతి గుమ్మం ముందూ ఆమె చేతే చెప్పించింది అక్బరీ: "అక్బరీ వచ్చింది. గాజులు వేయించుకోండి. నేను తప్పు మాట చెప్పాను." చెప్పాక ఆ గుమ్మంలోనే బొటనవేలు నొక్కి ఒక జత తీసేది. పాపమనిపించిందా అంటే, లేదు. మూడో ఇంటి దగ్గర సుశీలమ్మకు ఆయాసం వచ్చి ఆగితే, అక్బరీ పక్కనే నిలబడి, "మెల్లగ రండమ్మా, ఆయాసం సంగతి నాకు తెల్సు," అంది. రాఘవమ్మ అయితే అక్కడికక్కడే కూతుళ్లిద్దరినీ పిలిచి చాప మీద కూర్చోబెట్టింది.

ఏడు ఇళ్లూ అయ్యాయి. ఏడు జతలూ చిట్లకుండా వచ్చాయి. చేతికి ఒక్కొక్కటి మిగిలింది. సుశీలమ్మ తన గేటు దగ్గర మలారం దించి, ఈసారి గడియ తానే తీసి తలుపు బార్లా తెరిచింది.

"లోపలికి రా అక్బరీ. నా మంచం మీద కూర్చుని తీద్దువుగాని."

ఆ మాట కోసం అక్బరీ ఎన్నాళ్లు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. గేటు అవతల ఉన్న మంచాన్ని, ఎర్రబడ్డ ఆ మణికట్లను తీరిగ్గా చూసింది. మలారం కోడలి భుజానికెత్తించింది.

"ఇంకా నీరసంగ ఉన్నరమ్మా," అంది. "మూడు నెలలు పోనీ, చూద్దాం."