మీ ఆయన చేసిపెట్టాడా?

తొంభైల చివర్లో ఒక వాన సాయంత్రం, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వచ్చే బస్సులో నా పక్కన ఒక కాలేజీ లెక్చరర్ కూర్చుంది. నేను తెలుగువాణ్ణని తెలియగానే, అణచుకున్న కోపమంతా నాతో చెప్పేసింది.

అంకెలను చదరంగా పేర్చిన ప్రతి మాత్రికకూ, అంటే మ్యాట్రిక్స్‌కూ, దాని స్వభావం చెప్పే ఐగెన్ విలువలనే సంఖ్యలుంటాయి. అవన్నీ పూర్ణాంకాలుగా రావడం అరుదు. ఆమె ఏళ్ల పరిశోధన దాని మీదే. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో చదరం గీసి, నాలుగు గదులు చేసింది.

"చూడప్పా, ఈ మూలా ఆ మూలా ఒకే చిన్న మాత్రిక ఉండాది. మిగతా రెండు గదుల్లో ఇంకొకటి. వాటిని కూడితే వచ్చేదానికీ, తీసేస్తే వచ్చేదానికీ ఐగెన్ విలువలన్నీ పూర్ణాంకాలే అయితే, పెద్దదానికీ అంతే. ఇది చిన్న ఉదాహరణ. ఎన్ని గదులున్నా ఎప్పుడు అట్లయితాదో నేను తేల్చితి. ఈ పొద్దు నా థీసిస్ చూసే పెద్ద ప్రొఫెసర్ల ముందర చెప్తి."

"ఏమన్నారు?"

"తప్పుండాదని ఒక్కరూ అనలేదు. 'ఎవరు చేసిపెట్టిరమ్మా, మీ ఆయనా?' అని ఒకాయన అడిగె. అందరూ నవ్విరి."

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు ఊరుకున్నారా?"

"సుద్దముక్క ఆయన చేతిలో పెడితి. 'మా ఆయనకి చిక్కపేటలో చీరలంగడి, సార్. అంగడి మూసి రావల్లంటే ఆలస్యమైతాది. తరువాతి మెట్టు మీరే రాయండి' అంటి."

"రాశాడా?"

"భోజనానికి టైమాయెనని లేచె."

తన స్టాపు రాగానే ఆమె లేచి నిలబడింది. "రేపు మళ్లా పోతా. వాళ్లు తప్పయినా చూపియ్యల్ల, థీసిస్ మీద సంతకమైనా పెట్టల్ల."

ఆమె పేరు నాకు తెలియదు. నవ్వినవాళ్లెవరో కూడా తెలియదు. అయినా వాళ్ల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.