తాకకముందే తిరిగిన చెయ్యి

దయ్యాలను నేను నమ్మను. నమ్మేవాళ్లతో బస్సులో కూడా పోట్లాడేదాన్ని. కృష్ణగిరి దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో పవర్ సిస్టమ్స్ పాఠం చెప్పుకుని బతికిన మనిషిని. కొలవలేనిది లేనట్టేనని క్లాసులో గొంతు చించుకున్నదాన్ని. ఇది రాయాలంటే సిగ్గుగానే ఉంది.

రెండు వేల సంవత్సరం దాటినాక ఒక ఎండాకాలం. మా నాయన పోయి ఏడాది కాలేదు. మా ఊరు అత్తిముగంలో మా బావి మోటారు ఆగిపోయి టమాటా తోట వాడిపోతా ఉంది. వైర్‌మ్యాన్‌ను పిలుద్దామన్నాడు చిన్నాయన. ఇంట్లో ప్రొఫెసర్ని పెట్టుకుని వైర్‌మ్యాన్ ఎందుకని నేనే ఎగిరినాను.

నాయనకు ఒక అలవాటు ఉండేది. మోటారునైనా స్టార్టర్‌నైనా ముందు చెయ్యి తిప్పి, వెనకపక్కతో తాకి చూసేవాడు. మా పక్క రైతులంతా అంతే. షాక్ కొడితే వేళ్లు ముడుచుకుంటాయి. అరచెయ్యయితే వైరును పట్టేసుకుంటుంది, వెనకపక్కయితే విడిపోతుంది. లెక్క సరైందే. అయినా టెస్టర్ ఉండగా ఈ మొరటు పనేమిటని ఆయన్ను ఉన్నన్నాళ్లూ తిట్టినాను.

ఆ పొద్దు నేను టెస్టర్ తీసుకుపోలేదు. మెయిన్ స్విచ్ దించినాను కదా, చాలనుకున్నాను. దించితే చాలదు, పరీక్షించాలని పిల్లలకు చెప్పేది నేనే.

"చూసి తాకమ్మా," అన్నాడు చిన్నాయన.

"నువ్వు నాకు కరెంటు నేర్పిస్తావా?" అన్నాను.

మోటారు షెడ్డులో స్టార్టర్ పెట్టె తెరిచి, వదులైన వైరు పట్టుకోబోయినాను. ఎవరో నా మణికట్టు పట్టుకుని తిప్పేసినారు. ఆ వేళ్లు తెలిసినాయి నాకు. చెయ్యి వెనకపక్క వైరుకు తగిలి, షాక్ భుజం దాకా కొట్టి విసిరేసింది. మెయిన్ స్విచ్ లోపల మూడు బ్లేడుల్లో ఒకటి దిగలేదని, ఆ వైరులో కరెంటు ఉండిపోయిందని తరవాత చూసినాము. కరెంటు సంగతి అంతే, అందులో వింతేం లేదు.

షెడ్డులో మేమిద్దరమే. చిన్నాయన షెడ్డు వాకిలి దగ్గర, నాకు అందనంత దూరంలో ఉన్నాడు. మొహం పాలిపోయింది.

"తాకకముందే తిరిగింది కదమ్మా నీ చెయ్యి. ఎవురు తిప్పింది?"

షాక్‌కు నరాలు గుంజుకుంటే చెయ్యి అట్లా తిరుగుతుందని చెప్పినాను. అబద్ధం. షాక్ కొట్టినాక తిరిగితే అది నరాల పని. ముందే తిరిగితే దానికి నా చదువులో పేరు లేదు.

ఆయన నమ్మినాడు. నేను చదువుకున్నదాన్ని కదా. కళ్లారా చూసినదాన్ని పక్కనబెట్టి, అడిగినవాళ్లందరికీ "నరం గుంజిందంట, మా పాప చెప్పింది" అని చెప్పేవాడు. పోయేదాకా అదే చెప్పినాడు. నువ్వు చూసిందే నిజమప్పా అని ఒక్కసారి అనుంటే సరిపోయేది. అందరితో వాదించే ఈ నోటికి ఆ మాట రాలేదు.

ఎవరు తిప్పినారని అడిగితే, తెలీదనే ఇప్పటికీ చెప్తాను.