తాతబాబు బొమ్మకారు

తాతబాబుకి అలసట కొత్త కాదు. ముప్ఫయ్యేళ్ళుగా జాలరిపేటలో పడవ ఇంజిన్లు బాగుచేస్తున్న మనిషి. కానీ ఈ ఏడాది పట్టుకున్న అలసట వేరు. ఇది పని చేసి వచ్చింది కాదు. పనిలేక, పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని, ఒకే సంగతిని నమిలి నమిలి వచ్చింది.

ఆ సంగతి ఇదీ. కార్తీకంలో అతని బావమరిది సింహాద్రి ఇద్దరు మనుషుల్ని వేసుకుని వేటకి వెళ్ళాడు. ఇంజిన్ తాతబాబు బిగించిందే. నడిసముద్రంలో ఆగిపోయింది. ఒక పగలూ రెండు రాత్రులూ కొట్టుకుపోయారు. ఇంకో పడవవాళ్ళు చూసి తాడేసి లాక్కొచ్చారు. ఒడ్డుకొచ్చాక, పెట్రోల్లో నీళ్ళు కలిశాయని సింహాద్రే అందరికీ చెప్పాడు. సరే, బాగుంది. అయితే మర్నాడు ఆ ఇంజిన్ని హార్బర్ దగ్గర రిపేరు షెడ్డుకి ఎందుకు మోసుకెళ్ళినట్టు? సొంత బావమరిదే తేకపోతే పేటలో ఇంకెవడు తెస్తాడు? ఎవడూ తేలేదు. సింహాద్రి అక్క గడప తొక్కడం కూడా మానేశాడు.

"నీళ్ళని ఆడి నోటితోనే అన్నాడు గదే! మరి నా సేతికేటొచ్చింది రోగం?" అని తాతబాబు రోజూ పెళ్ళాం మీద ఎగిరేవాడు. గంగాలమ్మకి ఒకవైపు మొగుడు, ఒకవైపు తమ్ముడు. చేపల గంప నెత్తికెత్తుకుని మద్దిలపాలెం వైపు వెళ్ళిపోయేది.

ఆ చేతికి పేరుండేది మరి. కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడుముతూ కార్బురేటర్ బిగించేవాడు. కుర్రకారు చుట్టూ చేరి చూసేది. రెండేళ్ళ కిందట చక్కెర జబ్బు వచ్చింది. కాలి చెప్పు దారిలో జారిపోయినా ఇంటికొచ్చేదాకా తెలిసేది కాదు. నరాలు మొద్దుబారుతున్నాయి, జాగ్రత్త అన్నాడు డాక్టరు. "కాళ్ళదేటుంది, ఇంజిన్లు కాళ్ళతో బిగిత్తామేటి?" అని కొట్టిపారేశాడు తాతబాబు.

అలాంటి రోజుల్లో, పాత ఊళ్ళో హుస్సేన్ బాషా ఇనుప సామాన్ల కొట్టు ముందు కనిపించింది గోకార్టు, ఆటకి తోలే చిన్న కారు. సబ్బవరం అవతల ఎవరో కార్ల ఆటస్థలం పెట్టి, రెండేళ్ళకే మూసేసి, బళ్ళని వానకి వదిలేశారట. గొట్టాలు తుప్పు, సీటు పగులు, గొలుసు బిగుసుకుపోయింది. వెనకాల ఇంజిన్ మాత్రం ఉంది. తాతబాబు దాని మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయాడు.

"తీస్కపో తాతబాబూ, నాకు అడ్డం తొలగుతాది" అన్నాడు బాషా.

ఆటోలో వేసి తెచ్చాడు. నెల రోజులు దాని మీదే పడ్డాడు. గొలుసుని డీజిల్లో నానబెట్టాడు. తుప్పుని గరుకు కాగితంతో గీకాడు. కార్బురేటర్ విప్పి కడిగి, ఎప్పటిలాగే వేళ్ళతో తడుముతూ బిగించాడు. పాత వలతాడు చుట్టి సీటు కట్టాడు. గంట పని చేస్తే గంట పడుకోవాల్సి వచ్చేది. నడుము పట్టేసేది, కళ్ళు మసకేసేవి. అయినా మానలేదు. దీన్ని పేట నడిమధ్యనుంచి, సింహాద్రి గుమ్మం ముందునుంచి, ఇసక దాకా ఆగకుండా నడపాలి. ఎవరి చెయ్యి చెడిందో అప్పుడు తేలుతుంది!

"బొమ్మకారుతో ఏటి సేత్తన్నావయ్యా, ఈ వయసులో?" అంది గంగాలమ్మ.

"నీ తమ్ముడికి సమాధానం సెప్తన్నాను."

ఆదివారం పొద్దున్న తాడు లాగాడు. రెండో లాగుకే ఇంజిన్ అందుకుంది. ఆ చప్పుడు వినగానే తాతబాబు ఒళ్ళు పులకరించింది. ఎక్కి కూర్చుని వదిలాడు. జనం గుమ్మాల్లోకి వచ్చేశారు. సింహాద్రి కూడా వచ్చాడు. బండి అతని ఇంటిని దాటి పల్లంలోకి దిగింది, వేగం పుంజుకుంది. ఎదురుగా సముద్రం. అప్పుడు గుర్తొచ్చింది తాతబాబుకి, బండికి బ్రేకు పెట్టలేదని. నెల రోజులు పని చేశాడు గానీ ఆ ఊసే తట్టలేదు. పడవకి బ్రేకేమిటి?

"ఓలమ్మో, సముద్రంలోకి ఎల్లిపోతన్నాడు!" అని పక్కింటి వరహాలమ్మ కేక పెట్టింది.

వెళ్ళలేదు. ఇంజిన్ ఒకసారి దగ్గి, రెండుసార్లు దగ్గి, చచ్చిపోయింది. బండి ఇసకలో కూరుకుని ఆగింది. పేటంతా విరగబడి నవ్వింది. "బ్రేకు అక్కర్లేని బండి సేసేవు తాతబాబూ!" అని ఎవరో అరిచారు. తాతబాబు నవ్వలేదు. ఆ దగ్గు ఎలాంటిదో అతనికి తెలుసు. పెట్రోల్ అందని దగ్గు అది.

జనం పలచబడ్డాక అక్కడే కూర్చుని కార్బురేటర్ విప్పాడు. కిందంతా పెట్రోల్ తడి. పెట్రోల్ నిలిచే గిన్నె అంచున ఉండాల్సిన రబ్బరు రింగు ఒక పక్క మడతపడి, నలిగి, తెగింది. చుట్టూ వేలితో తడిమే బిగించాడు, ఒట్టు! మళ్ళీ తడిమాడు. తెగిన చోటు కంటికి కనబడుతోంది, వేలికి తగలడం లేదు. కాళ్ళకే అనుకున్న మొద్దు చేతికీ ఎక్కేసింది. పెట్రోల్లో నీళ్ళు లేవు. ఆ రోజు సముద్రంలోనూ లేవు.

ఆ రింగు పట్టుకుని సింహాద్రి దగ్గరికి నడిచాడు. అతను పడవ నీడలో వల అల్లుతున్నాడు. తాతబాబు చెయ్యి చాపాడు. ఎనిమిది నెలల తర్వాత అతనితో మాట కలిపాడు.

"ఒరే, ఆ రోజు కూడా ఇదేనేట్రా?"

సింహాద్రి దాని వంక చూసి తల దించుకున్నాడు. "అదే బావా. నడిసముద్రంలో ఇప్పి సూసేను. తెగిపోనాది. మార్సడానికి ఇంకోటి నేదు."

"మరి నీళ్ళని ఎందుకు సెప్పేవ్?"

"ఏటి సెప్పమంటావ్? బావ సెయ్యి పోయిందని ఊరంతా సాటమంటావా?"

"నాతోనన్నా సెప్పొచ్చు గదరా."

"నీ మొకం సూసి సెప్పలేకపోనాను. ఇంజిన్ మళ్ళీ నీకు ఇవ్వనూలేకపోనాను. రెండోపాలి అబద్ధం ఆడ్డానికి నాను పేనాలతో మిగలాల కదా బావా. అందుకే అక్కింటికీ రాలేదు."

తాతబాబు ఇసకలో కూలబడ్డాడు. ఎనిమిది నెలల కోపం పోయింది గానీ, దాని వెనక ఉన్నదంతా ఇప్పుడు ఒక్కసారిగా మీద పడింది. లేచే ఓపిక లేదు. ఏడ్చాడు కూడా. సింహాద్రి పట్టుకున్న వల వదిలేసి పడవలోంచి కొత్త రింగు ఒకటి తీసుకొచ్చాడు. బావని లేపి బండి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఎలగో సెప్పు బావా. నాను బిగిత్తాను."

తాతబాబు చెప్పాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముక్క ముక్కా చెప్పాడు. సింహాద్రి రింగుని అంచులో కూర్చోబెట్టాడు.

"సుట్టూ తడిమి సూడు."

"సూసేను."

"ఇంకోపాలి సూడు."